సరే పెట్టు వదినా

మా వాడికి ఆరు నెలలు నిండిన రోజున పిల్లల డాక్టరమ్మ వాడి బుగ్గ గిల్లి, "ఇంక పైతిండి మొదలుపెట్టండి" అంది. అక్కడికి అదేదో లైటు స్విచ్చి వెయ్యడమన్నట్టు. నేను ఇంటికొచ్చి స్విచ్చి వేశాను. వెలగలేదు.

అప్పటికి నా సెలవు ఇంకా పద్దెనిమిది రోజులుంది. హోసూరులో బండ్లకు వైరు కట్టలు అమర్చే ఫ్యాక్టరీలో లైను మీద పని నాది. సూపర్‌వైజరు ఫోన్ చేసి, ఫలానా సోమవారం రాకపోతే నా చోట ఇంకొకరు కూర్చుంటారని చాలా మర్యాదగా చెప్పాడు. మర్యాదగా చెప్పినవాడితో పోట్లాడ్డానికి కూడా వీలుండదు. మా వాడేమో నా రొమ్ము తప్ప ఇంకేదీ నోట పెట్టనివ్వడు. సీసా పీక చూస్తే ఉమ్ముతాడు. పాలు పిండి గిన్నెలో పోసి చెంచాతో ఇస్తే, నావే, నా ఒంట్లోంచి వచ్చినవే, వాటినీ ఉమ్ముతాడు. పొద్దున ఏడుంబావుకి కంపెనీ బస్సెక్కితే సాయంత్రం ఆరుకు ఇంటికి చేరతాను. అంతసేపు వీడేం తాగి బతకాలి? దేశంలో మిగతా సమస్యలన్నీ ఆ పద్దెనిమిది రోజులూ నాకు కనపడలేదు.

సాయానికి బేరిగై నుంచి మా అత్త దిగింది. రాగానే కుచ్చిళ్లు ఎగదోపి, "జరుగమ్మా, బిడ్డకి సరి చేస్తాను" అంది. నేను బిడ్డ వంక ఎగాదిగా చూశాను. వీడిలో ఏం చెడిపోయిందని సరిచేస్తుంది?

విషయం ఏమిటంటే, బేరిగై కన్నడ దేశానికి ఆనుకుని ఉంటుంది. అటుపక్క పసిపిల్లలకు పెట్టే రాగి జావ పేరే సరి. నేను పుట్టింది కల్లావిలో, అరవం ఎక్కువ వినపడే వైపు. మాకు సరి అంటే ఊఁ అనడం, అంతే. పెళ్లయి రెండేళ్లయినా మా అత్తగారింట్లో పసిబిడ్డ లేదు కాబట్టి ఆ మాట నా చెవిన పడే పని లేకపోయింది. ఆ రోజు నేర్చుకున్నాను. నేర్చుకుని, పుట్టింటివాళ్లకు చెప్పాలన్న ఆలోచన రాలేదు. అక్కడే వచ్చింది తంటా.

మా అత్త సరి చేసే విధానం ఎవరైనా చూసి తీరాలి. రాగులు తమ పొలంలోవే అయ్యుండాలి. ఒక పగలంతా నానాలి. తడిగుడ్డలో మూటకట్టి మొలకలెత్తించాలి. నీడలో ఆరాలి. దోరగా వేగాలి. తర్వాత పిండిమిల్లు. అక్కడ మా అత్త మిల్లతన్ని నిలబెట్టి, "ముందు ఏం ఆడించినావప్పా? మిరపకాయలా? అట్లయితే నా బియ్యం ఒక సేరు ఆడించి మిషను కడిగేసి, ఆమీట నా రాగులు పొయ్యి" అని హుకుం జారీ చేసింది. వెనక వరసలో ఉన్నవాళ్లు గొణుక్కున్నారు. ఆమె వాళ్ల వైపు తిరిగి, "పసిబిడ్డకప్పా!" అని ఒక్క అరుపు అరిచేసరికి అందరూ దారి ఇచ్చారు. ఇంటికొచ్చాక ఆ పిండిని గుడ్డలో వేసి జల్లించాలి. గుడ్డ కోసం మా మామ కొత్త పంచె చింపింది. ఆయన బేరిగైలో ఉన్నాడు కాబట్టి అడ్డుపడలేకపోయాడు. మూడుసార్లు జల్లించిన ఆ పిండి ముందు నేను మొహానికి రాసుకునే పౌడరు ఇసుక.

అంత పవిత్రమైన పిండిని నీళ్లలో ఉండకట్టకుండా ఉడికించి, చల్లార్చి, వెండి చెంచాతో మా వాడి నోటికి ఆనించాం. వాడు నోరు మూసిన తీరు చూస్తే, పన్నెండు దాటాక పంచాయితీ ఆఫీసు తలుపు గుర్తొచ్చింది. పెదాల సందులోంచి ఎలాగో ఒక చుక్క లోపలికి పోయింది. వాడు దాన్ని నాలుకతో అటూ ఇటూ తిప్పి, ఆలోచించి, మా అత్త రవికె మీదికి గురిచూసి ఊశాడు.

"రుచి తెలుస్తా ఉండాది బిడ్డకి" అంది మా అత్త తుడుచుకుంటూ.

రుచి తెలుస్తోంది, నిజమే. ఎవరూ చూడకుండా నేనూ ఒక చెంచా తిన్నాను. ఉప్పు లేదు, బెల్లం లేదు, ఏడాది నిండేదాకా రెండూ వద్దని డాక్టరమ్మ చెప్పింది. వానకు నానిన అట్టపెట్టె తిన్నట్టుంది. ఆ మాట మా అత్తతో అనే ధైర్యం ఈ రోజుకీ నాకు లేదు.

రెండో రోజు నుంచి ఇంట్లో యుద్ధమే. మా అత్త పద్ధతి ఏమిటంటే, కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో గొంతులో పొయ్యడం. నేను బిడ్డను లాక్కున్నాను. గొంతులో అడ్డం పడితే ఎవరు జవాబు చెప్తారని అరిచాను.

"నీ మొగుణ్ణి అట్లనే పెంచినాను. చచ్చినాడా?"

"చావలేదు. కానీ ఆయన ఈ పొద్దుకీ గిన్నె చూస్తే భయపడతా ఉండాడు కదత్తా."

నా మొగుడు ఆ సమయంలో పక్కనే ఉన్నాడు. తన గురించి ఇద్దరాడవాళ్లు మాట్లాడుకుంటుంటే ఫోను చూసుకుంటూ నిలబడగల మనిషి. ఆయన వంతు సాయం ఏమిటంటే, చెంచాను విమానంలా తిప్పుతూ నోటితో ఇంజను చప్పుడు చెయ్యడం. మా వాడు ఆ విమానాన్ని చాలా ఇష్టంగా చూశాడు. నోరు దగ్గరికి రాగానే తల తిప్పాడు. విమానం వాడి చెవిలో దిగింది.

నా పద్ధతి ఇంకా ఘనం. ఫోనులో ఒకావిడ తెల్లటి వంటింట్లో నిలబడి, పిల్లలను బలవంతపెట్టకండి, తిండితో స్నేహం చెయ్యనివ్వండి అని చెప్పింది. సరేనని గిన్నె వాడి ముందు పెట్టి స్నేహం చేసుకోమన్నాను. వాడు గిన్నెను బోర్లించి, దాని మీద చెయ్యేసి బరికి, ఆ చెయ్యి తలకు రాసుకున్నాడు. స్నేహం బాగానే కుదిరింది. కడుపులోకి మాత్రం గోరంత పోలేదు. ఆవిడ వంటింట్లో నేల ఎవరు తుడుస్తారో ఆ వీడియోలో చూపించలేదు.

సెలవులో మిగిలిన రోజులు పది అయ్యాయి, ఎనిమిదయ్యాయి, ఐదయ్యాయి. మా అత్త దిష్టి తీసింది. నిప్పుల్లో వేసిన మిరపకాయలు ఘాటెక్కలేదు కాబట్టి దిష్టేనని తేల్చింది. దిష్టి పోయింది, వాడు మాత్రం నోరు తెరవలేదు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఒక మధ్యాహ్నం చెంచా విసిరికొట్టి, "తినరా దొంగ వెధవా, నా పని పోతుందిరా!" అని గట్టిగా ఏడ్చాను. వాడు నన్ను చూసి నవ్వాడు. నేను ఏడిస్తే వాడికి ఆటలా ఉంది. మా అత్త ఏమీ అనకుండా చెంచా ఏరుకొచ్చి కడిగింది. ఆ ఒక్క పూటకు మాత్రం ఆమె మీద నాకు ప్రేమ పొంగింది.

సెలవు చివరి ఆదివారం నాటికి బేరిగైలో మా అత్తవాళ్ల టమోటా కోతకొచ్చింది. ఇక ఆగడానికి వీల్లేదు. ఆమె పోతే మా అమ్మ కల్లావి నుంచి వచ్చి బిడ్డను చూసుకునేట్టు ఒప్పందం. ఇద్దరూ ఒక పూట కలిసుంటే, ఎదురెదురుగా అన్నీ చెప్పుకుంటారని నా ఆశ. కానీ మా అమ్మ ఎక్కిన బస్సు కుందారపల్లి దగ్గర టైరు పోయి హైవే పక్కన ఆగిపోయింది. ఇక్కడ బేరిగై బస్సుకు టైమైపోతోంది. మా అత్త ఒక చేత్తో సంచి పట్టుకుని, గడపలో నిలబడి, ఫోనులోనే అప్పగింతలు మొదలుపెట్టింది. ఫోనుంది కాబట్టి అరవనక్కర్లేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"వదినా! పదకొండుకి సరి! నాలుగ్గంటలకి సరి! వినబడిందా?"

అవతల లారీల మోత. మా అమ్మ కూడా తక్కువ తినలేదు, అక్కణ్ణుంచి అరిచింది. ఆ అరుపు నాకు గడప ఇవతలికి వినిపించింది. "పదకొండుకి, నాలుగుకి! నేను మా బిడ్డలకి పెట్టినట్లే పెడతా వదినా!" ఆ తర్వాత ఇంకేదో కూడా అంది. లారీ హారన్‌లో అది మునిగిపోయింది.

"సరే పెట్టు వదినా! ఇంగేమీ వద్దు!" అని మా అత్త ఫోను పెట్టేసి, బస్సుకు పరిగెత్తింది.

నేను ఆ మాటలన్నీ విన్నాను. నాకూ ఏ తేడా కనబడలేదు. రెండు ఊళ్ల మాటా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నేనే పట్టుకోవాల్సింది. కానీ నా బుర్రంతా మర్నాటి బస్సు మీదుంది.

మా అమ్మ మధ్యాహ్నానికి చేరింది. వచ్చీ రాగానే తను తెచ్చుకున్న రాగిపిండీ నూకలూ బయటికి తీసి, రాత్రికి కుండలో కూళు చేసి పెట్టుకుంది. కూళంటే అంబలే, కాస్త పులిసింది. మామిడితోటల్లో కూలికి పోయే మనిషి, పొద్దున్నే మజ్జిగ పోసి పిసికిన కూళు తాగందే ఆమెకు కాలు కదలదు. తనకోసమేగా అని నేను పట్టించుకోలేదు. ఆ పూటకు నేను ఇంట్లోనే ఉన్నాను కాబట్టి వాడికి రొమ్మే ఇచ్చాను, సరి డబ్బా తియ్యలేదు.

సోమవారం నేను బస్సెక్కేటప్పుడు వాడు ఏడ్చిన ఏడుపు వీధి చివరిదాకా వినబడింది. లైను మీద కూర్చున్నాను కానీ, ఎర్ర వైరు పెట్టాల్సిన చోట నల్ల వైరు పెట్టాను, రెండుసార్లు. మధ్యాహ్నం భోజనం గంట కొట్టగానే క్యాంటీన్ బయటికి పరిగెత్తి అమ్మకు ఫోన్ చేశాను.

"సరి తిన్నాడా అమ్మా?"

"సరి, తిన్నాడు. తాగినాడు అనవల్ల. రెండు గిన్నెలు."

"రెండా! ఉమ్మలేదా?"

"ఏమిటికి ఉమ్ముతాడు? గిన్నె గుంజుకొని నాకినాడు. ఇప్పుడు నిద్రపోతా ఉండాడు. నువ్వు తింటివా?"

నేను క్యాంటీన్ గోడకు ఆనుకుని ఏడ్చాను. పక్క లైను అమ్మాయి ఎవరైనా పోయారా అని అడిగింది. "లేదక్కా, మా వాడు సరి తిన్నాడు" అన్నాను. ఆమె ధర్మపురి మనిషి. "సరి" అని తలూపి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆరుకు ఇంటికొచ్చేసరికి మా వాడు చాప మీద కూర్చుని చప్పట్లు కొడుతున్నాడు. నేను ఆనందంగా వంటింట్లోకి పోయి చూస్తే, మా అత్త పిండి డబ్బా పెట్టింది పెట్టినట్టే ఉంది. మూత మీద కట్టిన దారం కూడా విప్పలేదు.

"అమ్మా, ఈ డబ్బాలోది కాదా పెట్టింది?"

"ఆ డబ్బాలో ఏముండాది? మొహానికి పూసుకొనేది ఏమో అనుకొంటిని."

"మరి వాడేం తిన్నాడు?"

"కూళు" అంది మా అమ్మ, అదేం ప్రశ్న అన్నట్టు. "నేను కూళు పెడతానంటే మీ అత్త సరే, పెట్టు వదినా, ఇంగేమీ వద్దు అనె కదా. పదకొండుకి సరి, నాలుక్కి సరి అనె. ఆ యమ్మకి అంత సమ్మతం అయినంక నాకేం?"

మా అత్త అన్నదాంట్లో కామా లేదు. మా అమ్మ విన్నదాంట్లో ఉంది. బేరిగైలో సరే పెట్టు అంటే సరి మాత్రమే పెట్టమని. కల్లావికి చేరేసరికి, సరే, నీ ఇష్టం వచ్చింది పెట్టు అని. ఆ కామా పుణ్యమా అని ఆరు నెలల నా కొడుకు పులిసిన అంబలి రెండు గిన్నెలు లాగించి కూర్చున్నాడు.

"ఉప్పేశావా?"

"ఉప్పు లేకుండా కూళు ఎవరు తాగుతారు? ఒక చిటికెడు వేసినాను. ఉల్లిగడ్డ ఇయ్యలేదులే."

ఉల్లిగడ్డ ఇవ్వనందుకు నేను కాళ్లకు మొక్కాలన్నమాట. నెత్తి కొట్టుకుని మా అత్తకు ఫోన్ చేశాను. చెప్పకపోతే రేపు ఇంకెవరి నోటనో తెలుస్తుంది, అప్పుడు నా గతి వేరే ఉంటుంది.

అవతల నుంచి పిడుగు. "కూళా? కూలోళ్లు తాగేదాన్ని నా మనవడికి పోసినారా? మూడుతూర్లు జల్లించి పెట్టినాను కదే! మా ఇంట్లో ఏ బిడ్డకైనా పోసినామా అది?"

ఫోను స్పీకరులో ఉంది. మా అమ్మ ఆ మాట విని, చాప మీది బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. అప్పటికే మడతపెట్టిన బట్టలను మళ్లీ విప్పి మడతపెడుతోంది. నన్ను ఆ కూళే పెంచింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"అత్తా, గమ్మునుండి నా మాట విను. నీ జల్లించిన సరిని వాడు ఇన్ని దినాలుగా ఉమ్మినాడు. నీ మీద, నా మీద, గోడ మీద ఉమ్మినాడు. కూలోళ్ల కూళు రెండు గిన్నెలు తాగినాడు. నేను ఈ పొద్దు పనికి పోయి వచ్చినానంటే మా అమ్మ వల్ల. ఆ యమ్మని ఒక్క మాట అన్నావంటే బాగుండదు."

పెళ్లయ్యాక మా అత్తతో నేను అంత గట్టిగా మాట్లాడింది అదే మొదటిసారి. ఫోను పెట్టేస్తుందనుకున్నాను.

"రెండు గిన్నెలా?" అంది మా అత్త.

"రెండు."

"కక్కలేదే?"

"కక్కలా."

"మీ అమ్మకియ్యి ఫోను."

మా అమ్మ వద్దంటూనే తీసుకుంది. మా అత్త గొంతు ఒక మెట్టు దిగింది. "వదినా, నూకలు ఎంత వేస్తివి?" మా అమ్మ బట్టలు పక్కన పెట్టి, పిండి కొలత, నూకల కొలత, ఎంతసేపు ఉడకాలో, అన్నీ చెప్పుకొచ్చింది. ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. క్షమాపణ అనే మాట ఎవరి నోటా రాలేదు. మా ఇళ్లలో అది ఎప్పుడూ అలాగే, కొలతలు అడిగారంటే గొడవ అయిపోయినట్టు.

మర్నాడు సాయంత్రం పని నుంచి వచ్చి డాక్టరమ్మ దగ్గరికి పోతే, ముందు మా అమ్మను కళ్లద్దాల పైనుంచి చూసింది. ఉప్పు మానెయ్యమంది, పులిసింది ఇప్పుడే వద్దంది, ఏ పూటకా పూట తాజాగా వండమంది. "తింటున్నాడు కదా, అది చాలు" అని కూడా అంది. అప్పటినుంచి మా అత్త జల్లించిన పిండిలో మా అమ్మ మెత్తగా ఉడికించిన నూకలు పడ్డాయి. ఉప్పూ లేదు, పులుపూ లేదు. అయినా వాడు తిన్నాడు. అసలు కిటుకు కూళులో లేదని నాకు అప్పుడు తెలిసింది. మా అమ్మ చెంచా ముట్టదు. నేల మీద కూర్చుని, వాణ్ణి ఒళ్లో పెట్టుకుని, తన గిన్నెలోది తను తాగుతూ ఉంటుంది. వాడి వైపు చూడను కూడా చూడదు. వాడికి ఆగక ఆమె చెయ్యి లాగితే, వాడి గిన్నెలోది వేలితో కాస్త నాకిస్తుంది. మేమేమో వాడి చుట్టూ చేరి, ఊపిరి బిగబట్టి, వాడి నోట్లోకే చూస్తూ కూర్చునేవాళ్లం. అలా చూస్తే నాకైనా గొంతు దిగదు.

మూడు వారాలు గడిచాయి. పని నిలబడింది. ఎర్ర వైరు ఎర్ర వైరు చోటే పడుతోంది. ఒక శనివారం ఓవర్‌టైం చేసి ఏడింటికి ఇంటికొచ్చాను. పాలు గడ్డకట్టి రొమ్ములు సలుపుతున్నాయి. జాకెట్టు తడిసి, పైన కప్పుకున్న దుప్పట్టా కూడా తడిసింది. చెప్పులు వదిలింది వదిలినట్టు లోపలికి పరిగెత్తి, అమ్మ ఒళ్లోంచి వాణ్ణి లాక్కుని రొమ్ముకు పెట్టాను.

వాడు మొహం తిప్పాడు. ఇంకోవైపు పెట్టాను. అటూ తిప్పాడు. మూతి నిండా రాగి పూసుకుని, అమ్మ ముందున్న గిన్నె వైపు చెయ్యి చాపి, నా ఒళ్లోంచి జారిపోవాలని గింజుకున్నాడు.

"కడుపు నిండి ఉండాదిలేమ్మా వాడికి" అంది మా అమ్మ. "కొంచేపు పోనీ, తాగుతాడు."

నాకు రోషం వచ్చింది. ఎనిమిది నెలలైనా నిండని వెధవ మీద నిజంగా రోషం వచ్చింది. "పో, పోరా, తిండిపోతా, ఆ గిన్నెకాడికే పో!" అని వాణ్ణి అమ్మ ఒళ్లో పడేసి వంటింట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాను. సింకు దగ్గర నిలబడి, పంటి బిగువున రెండు రొమ్ములూ పిండేశాను. తెల్లగా జాలీలోకి పోతున్న పాలను చూస్తూ ఏడ్చాను. వీడు తినాలని నేను మొక్కని దేవుడు లేడు. తిన్నాడు. ఇక నేనేం కావాలి?

బయట గిన్నె మీద చరుస్తున్న చప్పుడు. మా అమ్మ పిలిచింది.

"ఏమ్మా, ఇంగా కావాలంట వీడికి. బిన్నా కొంచెం కలిపి ఎత్తుకొని రా, ఆగేట్లు లేడు."

కుళాయి తిప్పి సింకు కడిగాను. మొహం కడుక్కున్నాను. పిండి కలిపి, పొయ్యి మీద పెట్టి, కలియబెట్టి, చల్లార్చి తీసుకెళ్లాను. అమ్మ పక్కన నేల మీద కూర్చుని, నా వేలితో కాస్త తీసి వాడి నోటికి ఆనించాను. వాడు నా వేలును పట్టుకుని, నన్ను చూసి, నోరు గట్టిగా మూసుకున్నాడు.

గిన్నె మా అమ్మ చేతికిచ్చాను.